త్రినయని చూస్తూ మా పాప అడిగే ప్రశ్నలు

జీ తెలుగులో 2020 మార్చిలో మొదలైన త్రినయని సీరియల్ మా ఇంట్లో ఇప్పుడు జీ5లో నడుస్తోంది. మేముండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. శనివారం టిఫిన్లు అయ్యాక నేనూ మా పాపా సోఫా ఎక్కేస్తాం. దానికి పదకొండేళ్ళు, తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ మాట్లాడమంటే సగం ఇంగ్లీషే, ఈ సీరియల్ పెట్టినప్పుడు మాత్రం ఆపకుండా తెలుగులోనే వాదిస్తుంది.

ఇందులో హీరోయిన్ నయనికి జరగబోయేది ముందే కనిపిస్తుంది, ఎవరికైనా ప్రాణాపాయం అని తెలిస్తే పరిగెత్తుకెళ్ళి ఆపుతుంది. మా పాప అభ్యంతరం ఇక్కడే మొదలు. ఆపేసింది కాబట్టి అది జరగలేదు, మరి జరగనిది తనకెలా కనిపించిందమ్మా అని. సీరియల్ కదా లాజిక్ అడక్కూడదు అనేస్తే అక్కడితో అయిపోయేది, నాకది ఇష్టం లేదు. గండం అంటే ఏంటో చెప్పాను. జాతకంలో నీటిగండం ఉందంటే పిల్లాణ్ణి చెరువు వైపు పోనివ్వరు, శాంతి చేయిస్తారు, అంటే రాసిపెట్టి ఉన్నా తప్పించుకునే దారి ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. పదహారేళ్ళే ఆయుష్షున్న మార్కండేయుడు శివలింగాన్ని వాటేసుకుంటే యముడు ఏం చేయలేకపోయిన కథ కూడా చెప్పాను. అది విన్నాక సరే, నయని చేసేది కరెక్టే అంది.

అసలు గొడవ గాయత్రీదేవి దగ్గర వచ్చింది. ఆవిడ నయని భర్త విశాల్ వాళ్ళమ్మ, విలన్ తిలోత్తమ చేతిలో చనిపోయి, ఆత్మగా నయనితో మాట్లాడుతూ, చివరికి నయని కడుపునే పుడుతుంది. అత్తగారే కూతురు! పాప రిమోట్ లాక్కుని పాజ్ పెట్టేసింది, అంటే విశాల్ వాళ్ళమ్మకి నాన్నా అని. ఇక్కడ చాలామంది నవ్వుతారని నాకు తెలుసు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే మేం దీనికి పెట్టింది మా అత్తగారి పేరే. ఆవిడ పోయాక పుట్టింది ఇది, ఏలూరు తీసుకెళ్తే వచ్చిన ప్రతి చుట్టమూ ఒళ్ళోకి తీసుకుని మీ అత్తే మళ్ళీ వచ్చిందే అని కళ్ళు తుడుచుకున్నారు. పోయిన పెద్దవాళ్ళ పేరు మనవలకి పెట్టుకోవడం మనకి ఎంత మామూలో, ఆ సీరియల్ కథ కూడా అక్కడి నుంచే పుట్టిందని నా అభిప్రాయం, కాస్త పెద్దది చేసి చూపించారు అంతే.

ఇదంతా చెప్తే పాప కాసేపు ఆలోచించి, అయితే నేను నానమ్మనా, నాన్న నన్ను అస్సలు తిట్టరు అందుకేనా అంది. మా ఆయన వంటింట్లోంచి కాఫీతో వచ్చి పక్కన కూర్చున్నారు. వాళ్ళమ్మ గురించి ఆయన పిల్లల ముందు పెద్దగా మాట్లాడరు. ఆ రోజు మాత్రం పాల లెక్కలు క్యాలెండర్ వెనక రాసేదని, రాసేటప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకునేదని, నువ్వు హోంవర్క్ చేసేటప్పుడు అచ్చం అలాగే పెడతావని చెప్పారు. అది వెంటనే అద్దం దగ్గరికెళ్ళి పెన్ను పట్టుకుని చూసుకుంది.

నయని చెల్లెలు సుమన కూతురు ఉలూచి రాత్రిళ్ళు పాముగా మారడం గురించి మా ఇంట్లో పెద్ద ప్రశ్నలే రాలేదు, నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం వీడియో కాల్‌లో చూసిన పిల్ల కదా, కాకపోతే పాములు పాలు తాగవని సైన్స్ క్లాసులో చెప్పారట, తాగవు నిజమే, దణ్ణం పెట్టుకోవడానికి పోస్తాం అన్నాను.

మేమిద్దరం ఒప్పుకోలేనిది ఒక్కటే. లోకంలో అందరి ఆపదలూ కనిపించే నయనికి, తను దత్తత తెచ్చుకుని ఎత్తుకు తిరుగుతున్న గాయత్రి పాపే తను కన్న బిడ్డని తెలియదు! విశాల్‌కి తెలుసు, చెప్పడు. ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లు ఆవిడ బిడ్డ కోసం వెతుకుతూ ఏడుస్తుంటే పక్కనే నిలబడి చూస్తుంటాడు. ఏ కారణం చూపించినా సరే, తల్లి దగ్గర ఆ మాట దాచడం అన్యాయం. పాపయితే టీవీ ముందు నిలబడి చెప్పెయ్ విశాల్, చెప్పెయ్ అని అరుస్తుంది, నేనూ దాంతోపాటే.