కొండల చాటు రన్‌వే: వాగర్ దీవిలో మూడు రోజులు

కోపెన్‌హాగెన్ నుంచి బయలుదేరిన మా విమానం చివరి నిమిషాల్లో మబ్బుల్లోకి దిగినప్పుడు కిటికీలో బూడిదరంగు తప్ప మరేమీ కనిపించలేదు. ఉన్నట్టుండి ఆ తెర చిరిగి, రెక్క అంచుకు తగులుతుందేమో అన్నంత దగ్గరలో టిండ్‌హోల్ముర్ అనే చిన్న దీవి తన ఐదు కొమ్ములతో సముద్రంలోంచి నిటారుగా లేచి కనిపించింది. విమానం రెండుసార్లు గట్టిగా ఊగింది. నేను సీటు చేతులు బిగించి పట్టుకున్నాను. పక్కనున్న పెద్దావిడ మాత్రం ఉన్ని అల్లిక ఆపలేదు.

ఉత్తర అట్లాంటిక్‌లో ఉన్న పద్దెనిమిది ఫారో దీవులకూ ఉన్న ఒకే ఒక్క విమానాశ్రయం ఈ వాగర్ మీదే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దీన్ని బ్రిటిష్ సైనిక ఇంజనీర్లు నిర్మించారు. చుట్టూ తిరిగే జర్మన్ యుద్ధనౌకలకు సముద్రం మీదినుంచి కనబడకుండా కొండలు అడ్డు ఉండడమే ఈ చోటును ఎంచుకోవడానికి ముఖ్య కారణం. శత్రువు కంటపడకుండా కాచిన ఆ కొండలే ఇప్పుడు పైలట్లను పరీక్షిస్తున్నాయి. వాటిని దాటివచ్చే గాలి లోయలో సుడులు తిరుగుతుంది. 1250 మీటర్ల రన్‌వేను 2011లో 1799 మీటర్లకు పొడిగించినా, గాలికీ పొగమంచుకూ విమానాలు ఆగిపోవడం ఇక్కడ మామూలే.

రన్‌వేకు తూర్పున ఈ దీవుల్లోకెల్లా పెద్ద సరస్సు ఉంది. పడమటి ఊరివారు దాన్ని సోర్వాగ్స్‌వాత్న్ అంటారు, తూర్పు ఊరివారు లైతిస్వాత్న్ అంటారు. ఎవరి ఎదుట ఏ పేరు పలకాలో తెలియక నేను ‘చెరువు’ అనే సరిపెట్టుకున్నాను. దాని ఒడ్డునే బురదదారి పట్టి ట్రాలనీపా కొండకొనకు చేరితే, 142 మీటర్ల కింద అట్లాంటిక్ నురగలు కక్కుతుంటుంది. అక్కడినుంచి చూస్తే సరస్సు సముద్రానికి ఎంతో ఎత్తున వేలాడుతున్నట్టు ఉంటుంది గాని అది కంటి భ్రమే. నిజానికి ఆ ఎత్తు సుమారు 30 మీటర్లే.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం రాయి. లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లని బసాల్ట్ రాయి పొర మీద పొర, మధ్యమధ్య సన్నని ఎర్రమట్టి పట్టీ, లావా ఒక విడత ఆగి మరో విడత పారిన గుర్తుగా. మన ఆదిలాబాద్ నల్లరేగడికి పుట్టిల్లయిన దక్కను రాయీ ఈ జాతిదే. వేలితో గీస్తే ఆ ఎర్రపట్టీ తడి ఇటుకపొడిలా గోటికి అంటుకుంది.

ఆఖరి రోజు గాసదాలుర్‌కు బయలుదేరాను. 2004లో సొరంగం తెరుచుకునేంతవరకు ఆ ఊరికి పోస్టుమాన్ వారానికి మూడుసార్లు కొండ ఎక్కి దిగి ఉత్తరాలు చేర్చేవాడు. ఆ కాలిబాటనే వెళ్లాలని పట్టుబట్టాను కాని, అరగంట ఎక్కేసరికి వాన మొదలై, గొర్రెలు దారికి అడ్డంగా నిలబడి చూస్తుండగా, మోకాళ్లు మొరాయించాయి. దిగివచ్చి, సొరంగంలోంచి కారులోనే వెళ్లాను.