నల్లమల దారిలో టైరు పగిలింది, లాక్ నట్ ఊడనంది

కార్తీక మాసం చివర్లో శ్రీశైలం వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, అమ్మ, మా బావమరిది. దర్శనం చాలా బాగా జరిగింది. సోమవారం కాకుండా చూసుకుని వెళ్లాం కాబట్టి తోపులాట లేదు. భ్రమరాంబ అమ్మవారి దగ్గర కాసేపు కూర్చుంటానని అమ్మ అంటే అందరం కూర్చున్నాం. తిరుగు దారిలో సాక్షి గణపతి దగ్గర ఆగి వచ్చి వెళ్తున్నామని చెప్పుకున్నాం. ఘాట్ దిగి, డ్యామ్ దిగువన కృష్ణ మీద వంతెన దాటి, అటు కొండెక్కి ఈగలపెంట, దోమలపెంట మీదుగా హైదరాబాద్ దారి పట్టేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఇక్కడిదాకా యాత్ర అందరి యాత్రలాంటిదే. నేను రాయాలనుకున్నది ఆ తర్వాత అడవిలో జరిగింది.

ఆ దారి తెలియనివాళ్ల కోసం ఒక మాట. దోమలపెంట నుంచి మన్ననూర్ చెక్‌పోస్ట్ దాకా రోడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల నుంచే వెళ్తుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు రెండు వైపులా గేట్లు వేసి బండ్లని ఆపేస్తారు, జంతువులు రోడ్డు దాటే వేళ కదా. మధ్యలో వటవర్లపల్లి లాంటి ఒకటి రెండు ఊళ్లు తప్ప మిగతాదంతా చెట్లే. ఫోన్ సిగ్నల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకే బయల్దేరేముందు స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్, లాక్ నట్ కీ అన్నీ ఉన్నాయా లేదా అని నేను, బావమరిది ఇద్దరం చూసుకునే బయల్దేరాం.

వటవర్లపల్లి దాటాక ఒక మలుపులో ఎదురుగా వస్తున్న లారీని ఓవర్‌టేక్ చేస్తూ ఒక బస్సు మా వైపుకి వచ్చేసింది. ఎడమకి కోయక తప్పలేదు. అక్కడ తారు అంచు విరిగి, కింద రాయి పైకి పొడుచుకుని ఉంది. వెనక ఎడమ చక్రం దాని మీద నుంచి దిగింది. ఠాప్ మని శబ్దం, ఆ వెంటనే కారు ఒక పక్కకి లాగడం. కొంచెం ముందు వెడల్పుగా ఉన్న చోటు చూసి పక్కకి తీసి ఆపాను. అప్పుడు నాలుగున్నర.

మేకు దిగిన పంచర్ అయితే నాకు భయం లేదు. ట్యూబ్‌లెస్ టైర్‌కి చక్రం విప్పకుండానే స్ట్రిప్ దూర్చి, పన్నెండు వోల్టుల పంపుతో గాలి కొట్టి వెళ్లిపోవచ్చు. ఆ కిట్ కూడా కారులోనే ఉంది. కానీ ఇది సైడ్‌వాల్‌లో కోత, నా బొటనవేలు సులభంగా దూరేంత. టైర్ పక్క భాగానికి స్ట్రిప్ నిలవదు, నిలిచినా దాన్ని నమ్మి బండి తోలకూడదు, ఎందుకంటే టైర్ తిరిగే ప్రతి చుట్టుకీ వంగేది అదే. చక్రం మార్చాల్సిందే.

అమ్మని, మా ఆవిడని దించి చెట్టు నీడలో నిలబెట్టాం. హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు చక్రాల కింద రాళ్లు పెట్టి పని మొదలుపెట్టాం. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేసుకోవాలి, జాకీ ఎక్కించాక తిప్పితే చక్రం తిరుగుతుంది, కారు జాకీ మీద నుంచి జారే ప్రమాదం కూడా ఉంది. మా కారు చక్రానికి ఐదు నట్లు. నాలుగు మామూలువి, స్పానర్ మీద కాలు పెట్టి తొక్కితే గట్టిగానే అయినా లొంగాయి. ఐదోది లాక్ నట్.

లాక్ నట్ అంటే తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. అలాయ్ వీల్స్ ఖరీదైనవి కాబట్టి దొంగలు రాత్రికి రాత్రి కారుని ఇటుకల మీద నిలబెట్టి చక్రాలు ఎత్తుకుపోతుంటారు. అందుకని ఒక్కో చక్రానికి ఒక్కో నట్ మామూలు స్పానర్ పట్టని విధంగా పెడతారు. దాని తల మీద ఆరు మూలలకి బదులు పువ్వు రేకుల్లా వంపులు తిరిగిన గాడి ఉంటుంది. ఆ గాడికి సరిపోయే చిన్న కీ ఒకటి ఇస్తారు, కీని నట్‌లో పెట్టి, కీ మీద స్పానర్ పెట్టి తిప్పాలి. మంచి ఆలోచనే, నేను కాదనను. కానీ ఆ భారమంతా మోసేది కీలో ఉన్న ఆ సన్నటి రేకులే.

కీ పెట్టి తొక్కాను. టక్ మంది. నట్ కదిలిందనుకున్నా, కదిలింది కీ. తీసి చూస్తే రేకుల అంచులు చెక్కేసినట్టు తెల్లగా మెరుస్తున్నాయి, లోపల నల్లటి సన్నని ఇనుప పొడి. నట్ గాడి కూడా ఒక పక్క అప్పటికే అరిగి ఉంది. బావమరిది కీని చేత్తో లోపలికి అదిమి పట్టుకుని ఉంటే నేను మెల్లగా బరువు పెట్టి చూశాను. మళ్లీ జారింది. ఇంకా బలవంతం చేస్తే ఉన్న కాస్త గాడి కూడా పోతుందని అనిపించి ఆపేశాం.

"బావా, ఇది వచ్చేలా లేదు, ఎవరికైనా ఫోన్ చేద్దాం" అన్నాడు. కొంచెం ముందుకి నడిస్తే ఒక గీత సిగ్నల్ వచ్చింది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లు బాగానే మాట్లాడారు కానీ, టో బండి రావడానికి నాలుగు గంటలు పడుతుంది అన్నారు. నాలుగు గంటలంటే గేట్లు వేసే టైము. మన్ననూర్ వైపు నుంచి ఆ బండిని లోపలికి వదులుతారో లేదో వాళ్లకీ తెలియదు. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్. కార్తీకం కాబట్టి బండ్లయితే తిరుగుతున్నాయి, కానీ తొమ్మిది దాటితే సాయం అడగడానికి రోడ్డు మీద మనిషి దొరకడు. పైగా అమ్మకి షుగర్.

ఈలోగా కోతుల గుంపు దిగింది. ఆ దారిలో వెళ్లేవాళ్లు అరటిపళ్లు విసిరి విసిరి వాటికి అలవాటు చేశారు, ఆగిన ప్రతి కారు తమ కోసమే ఆగిందనుకుంటాయి. ప్రసాదం లడ్డూల సంచి కారులో పెట్టి అద్దాలు ఎక్కించి, అమ్మవాళ్లని కూడా లోపల కూర్చోమన్నాం. అటవీ శాఖ సిబ్బంది ఒకాయన బైక్ మీద వెళ్తూ ఆగి విషయం కనుక్కున్నాడు. చీకటి పడ్డాక చెట్లలోకి అడుగు పెట్టొద్దని, ఎలుగుబంట్లు ఉంటాయని, కారు దగ్గరే ఉండమని, పార్కింగ్ లైట్లు వేసుకోమని చెప్పాడు. చెక్‌పోస్ట్‌లో మా కారు నంబర్ చెప్పి ఉంచుతానన్నాడు. ఆ ఒక్క మాటతో అమ్మ మొహం కొంచెం తేరుకుంది.

ఆరు దాటి బాగా చీకటి పడ్డాక ఒక బొలెరో పికప్ ఆగింది. వెనకాల పైపు ముక్కలు, ఒక పాత సబ్‌మెర్సిబుల్ మోటార్, తాళ్లు. బోరు మోటార్లు బాగుచేసే ఆయన, ఈగలపెంటలో పని చూసుకుని అచ్చంపేట వెళ్తున్నాడట. దిగుతూనే "ఏమైందన్నా, పంచరా? స్టెప్నీ లేదా?" అన్నాడు. కీ చేతిలో పెట్టాను. ఫోన్ లైట్ వేసి కీని, నట్‌ని మార్చి మార్చి చూశాడు.

"గన్నుతోటి బిగించిన్రు సార్ దీన్ని. చేత్తోని బిగించింది గిట్ల అరగదు."

అది వినగానే నాకు అర్థమైంది. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక టైర్ల షాపులో టైర్లు ముందువి వెనక్కి మార్పించి అలైన్‌మెంట్ చేయించాం. కస్టమర్లు లోపలికి రాకూడదని బయట కూర్చోబెట్టారు. లోపల గాలి ఒత్తిడితో దెబ్బలు కొడుతూ నట్లు బిగించే గన్‌తో నాలుగు నట్లూ బిగించి, అదే ఊపులో కీ పెట్టి లాక్ నట్‌నీ బిగించేసి ఉంటారు. గన్ కొట్టే దెబ్బలకి ఆ సన్నటి రేకులు తట్టుకోలేవు. బిగించేటప్పుడే సగం అరిగిపోతాయి, విప్పాల్సిన రోజున ఆ సంగతి బయటపడుతుంది. ఆ రోజు ఎక్కడ, ఎవరితో ఉంటామో ఎవరికి తెలుసు? ముసలివాళ్లని, పిల్లలని పెట్టుకుని వెళ్లేవాళ్ల బండ్లకి ఇలా చేయడం నిజంగా అన్యాయం. పని వేగం కోసం ఒక నిమిషం మిగుల్చుకుంటారు, అంతే.

ఆయన చేసిన మొదటి పని నాకు తెలియనిది, అందుకే వివరంగా రాస్తున్నా. "ముందుగాల మిగతా నాలుగు నట్లు మళ్ల టైట్ చెయ్యున్రి" అన్నాడు. నాలుగూ వదులు చేసేసరికి చక్రాన్ని పట్టి ఉంచే బలమంతా ఆ ఒక్క లాక్ నట్ మీదే పడిందట, అందుకే అది ఇంకా బిగుసుకుంది. నాలుగూ మళ్లీ బిగిస్తే దాని మీద ఒత్తిడి తగ్గుతుంది. లాక్ నట్ ఉన్న చక్రానికి ముందు విప్పాల్సింది లాక్ నట్‌నే, బిగించేటప్పుడు చివర బిగించాల్సిందీ దాన్నే.

తర్వాత సాకెట్ల డబ్బా తెచ్చాడు, అంటే నట్ మీద టోపీలా తొడిగి తిప్పే ఇనుప గొట్టాలు. లోపల పన్నెండు పళ్లుండే సాకెట్లు. లాక్ నట్ బయటి అంచు గుండ్రంగా ఉంటుంది, దాని మీదికి సులభంగా ఎక్కే సాకెట్ అయితే గుండ్రంగా తిరుగుతుంది తప్ప పట్టదు. కొంచెం చిన్నది కావాలి. 19 సైజు వదులుగా ఉంది, 18 అంచు మీద ఆగిపోయింది. "గిదే" అన్నాడు. అలాయ్‌కి గీతలు పడతాయేమో సార్ అని అడిగాడు. చక్రం మొత్తం పోయినా పర్వాలేదు, కొట్టన్నా అన్నాను. బావమరిది లైట్ పట్టుకున్నాడు, ఆయన సాకెట్‌ని నిటారుగా పట్టి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. మొదట ఠంగ్ ఠంగ్ మని మోగింది. ఒక్కో దెబ్బకి సాకెట్ పళ్లు నట్ అంచుని కోసుకుంటూ కొంచెం కొంచెం లోపలికి దిగుతుంటే మోత మారి బరువుగా, పూడిన శబ్దం వచ్చింది. ఆ తేడా ఆయన చెవితోనే పట్టుకుని సుత్తి కింద పెట్టాడు.

సాకెట్‌కి హ్యాండిల్ తగిలించి, హ్యాండిల్‌కి మూడు అడుగుల ఇనుప పైపు తొడిగాడు. పైపు పొడవు పెరిగితే అదే బలానికి తిప్పే శక్తి పెరుగుతుంది కదా. ఊపి లాగలేదు, కుదుపు లేకుండా మెల్లగా బరువు పెంచుకుంటూ పోయాడు. పైపు వంగుతుందేమో అనుకుంటుండగా కీచుమని గట్టి శబ్దం, ఒక పావు చుట్టు తిరిగింది. కారు లోపల నుంచి అమ్మ "మల్లన్నా" అంది. మా అందరికీ వినపడింది.

మిగతాది చకచకా అయిపోయింది. జాకీ కింద నేల మెత్తగా ఉంటే ఆయన పికప్‌లోంచే చెక్క ముక్క ఇచ్చాడు. నట్లన్నీ తీశాక కూడా చక్రం హబ్‌కి పట్టేసి రాలేదు, టైర్‌ని కాలితో ఆ పక్క ఈ పక్క తంతే ఊడింది. స్టెప్నీ ఇనుప రిమ్. ఎక్కించాక చూస్తే మాకు మిగిలినవి నాలుగు నట్లే, ఐదోది సాకెట్‌లో ఇరుక్కుపోయింది, ఎంత కొట్టినా సాకెట్ నుంచి విడిపోలేదు. "నాలుగుతోని మెల్లగ పోవచ్చు సార్, కల్వకుర్తిల పంచర్ షాపోళ్ల దగ్గర ఒకటి దొరుకుతది" అన్నాడు. ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి బిగించి, జాకీ దించాక మళ్లీ ఒకసారి బిగించాం. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. అమ్మ లడ్డూలు ఇస్తే కళ్లకద్దుకుని తీసుకున్నాడు. నట్ ఇరుక్కున్న సాకెట్‌ని నా చేతిలో పెట్టి, అది ఊడితే పంపించమని ఫోన్ నంబర్ ఇచ్చాడు. మన్ననూర్ దాకా మా వెనకాలే నిదానంగా వచ్చాడు. ఎనిమిదిన్నర లోపే గేటు దాటాం. అక్కడ ఉన్నతను మా కారు నంబర్ చూసి "టైర్ పగిలింది మీదేనా" అని అడిగాడు, బైక్ మీద వెళ్లినాయన నిజంగానే చెప్పి ఉంచాడు.

కల్వకుర్తిలో అదే మరకి సరిపోయే నట్ దొరికింది. స్టెప్నీ మీద ఉన్నాం కాబట్టి హైదరాబాద్ దాకా అరవై దాటకుండా వచ్చాం.

మర్నాడు మాకు తెలిసిన మెకానిక్ దగ్గర మిగతా మూడు లాక్ నట్లు తీయించాను. రెండు ఇలాగే సాకెట్ దిగ్గొడితే వచ్చాయి. మూడోదాని అంచు పలచబడిపోయి సాకెట్ పట్టలేదు, చుట్టూ తడిగుడ్డ పెట్టి దాని తల మీద ఇంకో నట్ వెల్డింగ్ చేసి తిప్పితే అప్పుడు కదిలింది. ఆ వేడికే సగం పట్టు వదులుతుందన్నాడు. ఇప్పుడు నాలుగు చక్రాలకీ మామూలు నట్లే. కారు పుస్తకంలో బిగింపు 11 నుంచి 13 కేజీ మీటర్లు అని ఉంది, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్‌తో క్లిక్ మనే దాకా బిగించాడు, తర్వాత నా కారు స్పానర్‌తో నేనే ఒక్కో నట్ విప్పి చూసుకున్నాను, అన్నీ చేత్తోనే వచ్చాయి. లాక్ నట్లు ఉంచుకోవాలనుకునేవాళ్లు ఉంచుకోండి, కానీ టైర్ల షాపులో గన్ దాని దగ్గరికి రానివ్వకండి. లోపలికి రావద్దంటే రావద్దనీయండి, ఆ నట్ ఒక్కటి బిగించేటప్పుడు మాత్రం పక్కన నిలబడి చేత్తో బిగించమని అడగండి. ఇంటికొచ్చాక మీ స్పానర్‌తో విప్పి చూడండి.

సాకెట్‌లోంచి ఆ నట్‌ని మెకానిక్ వైస్‌లో పెట్టి కొట్టినా రాలేదు. అందుకని పన్నెండు పళ్ల సాకెట్ల కొత్త సెట్ ఒకటి కొని ఆర్టీసీ కార్గోలో అచ్చంపేటకి పంపాను. అందిందని ఆయన ఫోన్ చేశాడు. "నాది ఒక్కటే గద సార్ పోయింది, డబ్బా మొత్తం ఎందుకు పంపిన్రు" అని కోప్పడి, అమ్మ ఎట్లుందని అడిగాడు.