దీపాలవేళ పువ్వు

పొద్దున్న మేడ మీదకి వెళ్ళేసరికి ఇంకో 2 ఆనప పిందెలు రాలి ఉన్నాయి. బొటనవేలంత పిందెలు. కొస పసుపు తిరిగి, పట్టుకుంటే మెత్తగా తగిలాయి. వీటితో కలిపి ఈ వారంలో 7. పారేయడానికి చేతులు రాక పిట్టగోడ మీద పెట్టాను.

ఆషాఢంలో విత్తిన తీగ ఇది. నాలుగు మూలలా వెదురు గెడలు నిలబెట్టి, పైన ఇనప తీగ లాగి, మధ్యలో కొబ్బరితాడు అల్లి పందిరి వేశాం. ఒక పక్క బీర, ఒక పక్క కాకర, నడుమ ఆనప. బీర ఏనాడూ పేచీ పెట్టలేదు. ఇవాళా 3 కాయలు కోశాను. పాలు పోసి కూర, తొక్కుతో పచ్చడి. కాకర పిందెలకి పండు ఈగ కుట్టకుండా కాగితం గొట్టాలు చుట్టాను. బాధంతా ఆనపతోనే. ఆకులు చేటలంతేసి, తీగ పందిరి దాటి పక్కవాళ్ళ గోడ ఎక్కింది. కాయ మాత్రం లేదు.

మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఎరువు సంగతి అడుగుతుందనుకున్నాను. "పువ్వు విచ్చుకున్నప్పుడు ఎప్పుడైనా చూశావుటే?" అంది. చూడలేదు. నేను నీళ్ళు పోసేది పొద్దున్న 7 గంటలకి, అప్పటికి పూలన్నీ వాడి ఉంటాయి. "దీపాలవేళ వెళ్ళు. మన దొడ్లో రాత్రిపూట రెక్కల పురుగులొచ్చి వాలి, ఆడపువ్వుకి పుప్పొడి అంటించేవి. నీ మూడో అంతస్తుకి ఏమొస్తాయి?"

ఆ మాట దగ్గర నాకు మా చిన్నది గుర్తొచ్చింది. పోయిన ఆదివారం అది "అమ్మా, అదిగో పిందె!" అని వేలు చాపితే గట్టిగా కసిరాను. వేలు చూపిస్తే పిందె కుళ్ళిపోతుందనీ, మడిచి చూపించాలనీ మా అమ్మమ్మ అనేది. ఆ మాటే నా నోట్లోంచి వచ్చింది. మంగళవారం పిందె రాలితే "చూశావా" అని కూడా అన్నాను. అప్పట్నుంచి అది మేడెక్కలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల, 7 పిందెల పాపం మోసుకుని బడికెళ్ళొస్తోంది.

సాయంత్రం 6 గంటలకి దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. మొగ్గలింకా మెలిపెట్టినట్టు బిగుసుకునే ఉన్నాయి. ఆరున్నర దాటాక ఒక్కొక్కటే వదులైంది. తెల్లటి రేకులు, నలిపి విప్పిన మల్లుగుడ్డలా ముడతలతో. సన్నటి పొడుగు కాడకి ఉన్నది మగపువ్వు. రేకుల కింద నూగు నూగుగా బుల్లి ఆనపకాయ ఉంటే ఆడపువ్వు. మగపువ్వు తుంచి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో ఉన్న బొడిపెకి మెల్లగా రాయాలి. మొదటిది నేను రాశాను, అది టార్చి పట్టుకుంది.

"పిందెలు నీ వేలు వల్ల రాలలేదమ్మా. ఈ పొడి అందక రాలాయి. నిన్ను ఊరికే తిట్టాను, తప్పు నాదే" అన్నాను. అది ఏమీ అనలేదు. కాసేపటికి "రెండోది నేను రాస్తా" అంది. ఊపిరి బిగబట్టి రాసింది. మూడోదీ అదే రాసింది. గుర్తుకి కాడలకి ఎర్ర దారం కట్టాం. పిందె నిలిస్తే నాలుగు రోజుల్లో మెడ కిందికి వాలుతుంది, రెండు వారాల్లో కూరకి వస్తుంది. నిలవకపోతే పసుపు తిరుగుతుంది.

దిగేముందు అది వెనక్కి తిరిగి "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టింది, వేలు తిన్నగా చాపి. నా చెయ్యి దాని చేతి మీదకి పోబోయింది. ఆపుకున్నాను.

రేపటికి ఇంకో 2 ఆడమొగ్గలున్నాయి. వంట ఆరులోపే ముగించాలి.