తొట్టి లెక్క

మన బడి సావనీరు కమిటీ తరఫున మన రేడియోగాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. "ఒక్క పేజీ చాలురా, సరదాగా ఉండాలి" అన్నాడు. వాడి ఫోన్ మధ్యలో పెట్టేయడం ఎవరి తరం? అందుకే రాస్తున్నాను. జామచెట్టు, పెద్ద ఫాదరుగారి సైకిలు, ఏడో తరగతి నాటకంలో తెర కూలడం ఎలాగూ మీలో పదిమంది రాస్తారు. 1977 ఉప్పెన గురించి రాయాల్సినవాడు మా బెంచీవాడే. వాడు రాస్తే చదువుతాను, నేను ముట్టుకోను. నాకు బాగా గుర్తున్నది బడిలో చేరకముందు నెల.

1974 వేసవి. ఆరో తరగతి ప్రవేశ పరీక్షకని మే నెలంతా బోర్డింగు వరండాలో గడియారం బ్రదరుగారు ఉచితంగా పాఠాలు చెప్పారు. పొద్దున్నే పూజ అయ్యాక మొదలు. నేను కాలవ గట్టు మీద మూడు మైళ్ళు నడిచి వచ్చేవాణ్ణి. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా ఇంగ్లీషు ఊసే లేదు. నాలుగు గీతల కాపీ పుస్తకంలో చిన్న 'బి', చిన్న 'డి' ఒకే అక్షరం అటు తిరిగి ఇటు తిరిగినట్టు ఉండేవి నాకు.

పరీక్షలో జపాలు కూడా అడుగుతారని కొబ్బరిచిప్ప నమ్మబలికాడు. వాళ్ళ నాన్న చర్చిలో జపాలు నేర్పే ఉపదేశిగారాయె, నమ్మక ఏం చేస్తాను? ఎక్కాలతో పాటు "దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని గట్టున అరుచుకుంటూ నడిచేవాణ్ణి. మా నాయనమ్మ విని గాలి సోకిందేమోనని దిష్టి తీసింది. పరీక్షలో ఒక్క జపమూ రాలేదు. ఒరే చిప్పా, ఆ బాకీ ఇంకా ఉంది.

ఇక తొట్టి సంగతి. ఒక కుళాయి తొట్టిని 6 గంటల్లో నింపుతుంది, రెండోది 4 గంటల్లో. అడుగున ఉన్న కన్నం నిండు తొట్టిని 12 గంటల్లో ఖాళీ చేస్తుంది. మూడూ తెరిస్తే ఎప్పటికి నిండుతుంది? నేను లేచి "పది గంటలండీ" అన్నాను.

"ఒక్క కుళాయే నాలుగు గంటల్లో నింపుతుంటే, రెండోది తోడొచ్చాక పది గంటలు పట్టిందా? అది సాయానికొచ్చిందా, కబుర్లకొచ్చిందా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మమ్మల్ని లేపి బోర్డింగు వెనక స్నానాల తొట్టి దగ్గరికి తీసుకెళ్ళారు. ఉన్న నీళ్ళన్నీ వదిలేయించి, రెండు కుళాయిలూ తిప్పి, కన్నంలో కుక్కిన గుడ్డపేలిక తనే వంగి లాగేశారు. తెల్ల అంగీ మోకాళ్ళ దాకా తడిసిపోయింది. చేతి గడియారం చూస్తూ పది నిమిషాలకోసారి తొట్టి గోడ మీద బొగ్గుతో గీత పెట్టించారు. గీత పెట్టింది నేనే. వంటాయన వచ్చి రవ్వ ఉప్మాకి నీళ్ళేవని గోల. "ఇవాళ పిల్లలు లెక్క తింటారు" అన్నారు బ్రదరుగారు. నిజంగానే ఆ పూట ఉప్మా లేదు. మన తొట్టి ఆ 6, 4, 12లకు ఎక్కడా సరిపోలేదు గానీ, గంటకి రెండు పాళ్ళు, మూడు పాళ్ళు వచ్చి ఒక పాలు పోతే పన్నెండింట నాలుగు నిలుస్తాయని, మూడు గంటల్లో నిండుతుందని ఆ బొగ్గు గీతల దగ్గరే తెలిసింది.

పరీక్షలో అదే లెక్క వచ్చింది, అంకెలు కూడా అవే. సంతోషంతో చేతులు వణికాయి. బయటికొచ్చి "రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలండీ" అని గొప్పగా చెప్పాను. ఆయన గడియారం వైపు చాలాసేపు చూసి "కన్నం ఏం చేశావురా?" అన్నారు.

నలభై పేర్ల జాబితాలో నాది ముప్పై ఎనిమిదోది. సీటొస్తే గుణదల మాతకి నా తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. మొదటి రోజు నున్నటి తలతో తరగతిలోకి అడుగుపెడితే ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ పేరు పెట్టిన పెద్దమనిషి ఇప్పుడు పేరున్న డాక్టరు, బీపీ మందులు నాకు ఆయనే రాస్తాడు.

తర్వాత ఐదేళ్ళు ఎలా గడిచాయో తెలియదు. ఇంజనీరునై కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల మీద ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. తూము దగ్గర వదిలిన నీళ్ళు చివరి భూములకు చేరక రైతులు ఆఫీసు ముందు కూర్చుంటే, జీపు వదిలి గట్టెంట నడిచేవాణ్ణి. కాలవ కాసే లస్కర్లు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఎలుక బొరియో, రాత్రికి రాత్రి కొట్టిన గండో ఎక్కడో ఒకటి దొరికేది. వంతులవారీ పెట్టిన ఒక ఏడు చివరి ఊరివాళ్ళు బియ్యం బస్తా మోసుకొచ్చారు. తీసుకోలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పోయిన నెల చికాగో నుంచి మనవరాలు వీడియో కాల్ చేసింది. అక్కడి క్యాథలిక్ హైస్కూలు ప్రవేశ పరీక్షకి తయారవుతోందట, టెన్షన్‌గా ఉందట. పుస్తకం తిప్పి చూపించింది. తొట్టి, రెండు పైపులు.

"కన్నం ఉందా?" అని అడిగాను.

"లేదు తాతయ్యా, ఎందుకు?" అంది.