చేతికంటిన పసుపు

కాడ తుంచానో లేదో వేళ్ళ నిండా పసుపు. వుడ్ పాపీ అనే పూల మొక్క పాలు! సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు.

వీడియో కాల్‌లో అమ్మ నా చెయ్యి చూసి, "పొద్దున్నే ఏం పూజే?" అంది. పువ్వు చూపించా. నాలుగు పసుపుపచ్చ రేకులు. "బ్రహ్మదండి లాగుందే, ముళ్ళేవీ?" అంది. తర్వాత వెతికితే నిజమే, రెండూ గసగసాల కుటుంబమే. దాన్ని తుంచినా ఇదే పసుపు పాలు.

ఈ వుడ్ పాపీ ఉన్నది మేపుల్ చెట్టు కింద ఎండ పడని మూల. రెండేళ్ళు అక్కడ మిర్చి పెట్టి ఏడ్చా. ఈ మొక్కేమో ఇక్కడి ఒహాయో అడవులదే, నీడంటే ప్రాణం. కాకపోతే వేసవిలో నేల ఎండితే ఆకులు పండిపోయి మాయమైపోతుంది. మొదటి ఏడాది చచ్చిపోయిందనుకుని ఆ చోటు తవ్వబోయా కూడా. ఏప్రిల్లో మళ్ళీ లేచింది.

ఇప్పుడు ఇటుకల సందుల్లో కూడా పిల్ల మొక్కలు. నేను నాటలేదు. గింజకి అంటుకుని ఉండే కొవ్వు ముక్క కోసం చీమలు మోసుకెళ్ళి పడేస్తాయట. జీతం లేని తోటమాలులు!

అమ్మేమో వచ్చేటప్పుడు గింజలు తెమ్మంటోంది. గుంటూరు ఎండకా!