వాసన పోయాక పెరిగిన తిండి

2021 మే నెలలో, సెకండ్ వేవ్‌లో నాకు కోవిడ్ వచ్చింది. జ్వరం, ఒళ్ళునొప్పులు తొందరగానే తగ్గాయి. వాసన మాత్రం పోయింది, నెలలు గడిచినా రాలేదు. "పోన్లే అక్కా, నోటికి రుచి లేకపోతే నువ్వే సన్నబడతావు" అంది మా చెల్లి ఫోన్‌లో. కొందరికి అలాగే అవుతుంది కూడా. నాకు రివర్స్‌లో జరిగింది.

ఉప్పు, పులుపు, తీపి, చేదు బాగానే తెలిసేవి, ఎందుకంటే వాటిని పట్టేది నాలుక. కానీ ఇది చారు, ఇది సాంబారు అని చెప్పేది ముక్కు. నమిలేటప్పుడు తిండిలోని వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కితేనే రుచి పూర్తవుతుంది. కారం అసలు రుచే కాదు, మంట. దాన్ని మోసే నరం వేరు కాబట్టి అది నాకు పూర్తిగా మిగిలింది. ఇంకేం, తిండంతా అటే పోయింది. పప్పులో రెండో గరిటె ఆవకాయ, పెరుగన్నంలో ఊరమిరపకాయలు. పులుసులో బెల్లం వేయడం మా ఉత్తరాంధ్ర వాళ్ళకి మామూలే, నేను దాన్ని పానకం చేసేశాను. "ఏమ్మా, జాడీ మొత్తం నీకేనా?" అనేవారు అత్తయ్య.

అన్నం తిన్నాక కడుపు నిండేది గానీ తిన్న తృప్తి ఉండేది కాదు. గంటకల్లా డబ్బాలు వెతికేదాన్ని. మా వైజాగ్ బీచ్ రోడ్డులో మరమరాలతో కలిపే మురీ మిక్చర్ కొంటే పొట్లం అయిపోయేదాకా చెయ్యి ఆగేది కాదు. కరకర, నిమ్మకాయ పులుపు, పచ్చిమిర్చి మంట: నాకు తెలిసేవన్నీ అందులోనే ఉన్నాయి మరి. మామూలుగా నాకు జంతికలైనా, లడ్డూలైనా కొన్ని తినేసరికి మొహం మొత్తేది. ఆ రోజుల్లో అది జరగలేదు. బరువు పెరిగింది, బీపీ 150 దాటింది. రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నా ఆవకాయ లెక్క విని డాక్టర్‌గారు తల పట్టుకున్నారు.

ఈఎన్‌టీ డాక్టర్ ముక్కుకి ఎక్సర్‌సైజ్ చెప్పారు. లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి తైలం ఒక్కోటీ ఉదయం, సాయంత్రం కాసేపు వాసన చూడాలి. జర్మనీలో హుమెల్ అనే డాక్టర్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతట. గులాబీలు పూర్ణా మార్కెట్ నుంచి మా ఆయన తెచ్చేవారు. పెళ్ళయిన కొత్తలో కూడా తేలేదు లెండి!

ముందు వచ్చింది సరైన వాసన కాదు. ఉల్లిపాయ వేగితే రబ్బరు కాలినట్టు, పోపు వేస్తే కడుపులో తిప్పినట్టు ఉండేది. నరాలు మళ్ళీ కుదురుకునేటప్పుడు చాలామందికి ఇలా అవుతుందని చెప్పారు. వేడివేడివి మానేసి చల్లటి పెరుగన్నం, చల్లారిన ఇడ్లీ తిన్నాను, వాటికి వాసన తక్కువ కదా.

తర్వాత లవంగం తెలిసింది, నెమ్మదిగా ఇంగువ, కరివేపాకు. పప్పు మళ్ళీ పప్పులా ఉండేసరికి రెండో గరిటె ఆవకాయ అక్కర్లేకపోయింది, నోరు కట్టుకోవాల్సిన పనే పడలేదు. మురీ మిక్చర్ సగానికే చాలనిపిస్తోంది, మిగతాది మా ఆయనకి. బీపీ మాత్ర మాత్రం ఇంకా ఆగలేదు. కాఫీ ఇప్పటికీ మాడు వాసనే వస్తోంది, అందుకని టీకి మారాను.