నోట్‌బుక్ చివరి పేజీల్లో బాస్‌లు

సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ గ్రూప్‌లో అడిగినప్పుడు టీచర్ల గురించి, వార్షికోత్సవాల గురించి ఎలాగూ మిగతావాళ్ళు రాస్తారు కదా అనిపించి, నేను మాత్రం మనం ఇంటర్వెల్ అంతా మాట్లాడుకున్న బాస్ ఫైట్ల గురించి, అంటే వీడియో గేముల్లో ఒక్కో దశ చివర ఎదురయ్యే పెద్ద శత్రువుతో పోరాటాల గురించి రాస్తున్నా. అప్పట్లో వీడియో పెట్టుకుని చూసేద్దామంటే కుదిరేది కాదు, ఎవడో ఒకడు ఒక బాస్‌ని ఓడించాడంటే మర్నాడు క్లాసులో అందరూ వాడి చుట్టూ మూగేవాళ్ళు, వాడు చెప్పిందంతా రఫ్ నోట్స్ చివరి పేజీల్లో బొమ్మలేసుకుని మరీ రాసుకునేవాళ్ళం, బాస్ ఎక్కడ నిలబడతాడు, ఎప్పుడు దూకుతాడు, దూకాక ఎంతసేపు ఆగుతాడు అని.

మంచి బాస్ మన చేతివేగం కన్నా ముందు మన చూపుని పరీక్షిస్తాడని నాకు అప్పుడే అర్థమైంది. మనలో బాగా ఆడేవాళ్ళు మొదటి లైఫ్‌లో అసలు కొట్టేవాళ్ళే కాదు, ఊరికే తప్పించుకుంటూ గమనించేవాళ్ళు, గుర్తుందా?

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో బౌజర్ అనే బాస్‌నే తీసుకోండి. నిప్పు బంతులు విసిరే ఫైర్ ఫ్లవర్ పవర్ ఉంటే ఐదు ఫైర్‌బాల్స్‌కి పడిపోతాడు, అది లేకపోయినా దిగులు లేదు, వాడు పైకి ఎగిరినప్పుడు కిందనుంచి దూరిపోయి వంతెన చివర ఉన్న గొడ్డలిని తాకితే చాలు, వంతెన కూలిపోయి వాడే లావాలో పడతాడు. ఆరో వరల్డ్ నుంచి సుత్తులు కూడా విసురుతాడు కాబట్టి తొందరపడకూడదు, వాడు ఎగిరేదాకా ఆగాల్సిందే.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. 1989లో జోర్డాన్ మెక్నర్ చేసిన గేమ్, తన తమ్ముడు పరిగెత్తడం, దూకడం వీడియో తీసి దాన్నిబట్టి ప్రిన్స్ కదలికలు గీశాడు, అందుకే ఆ పరుగు అంత నిజంగా ఉంటుంది. గంటలోపు ముగించాలి. మూడో లెవెల్లో అస్థిపంజరం లేస్తుంది, ఎన్ని దెబ్బలేసినా చావదు, దాన్ని వెనక్కి నెట్టుకుంటూ వెళ్ళి అంచు మీదనుంచి పడేయాలి. ఇక పన్నెండో లెవెల్లో మన నీడే కత్తి పట్టుకుని ఎదురొస్తుంది, దాన్ని కొడితే మన ప్రాణమే తగ్గుతుంది, అంతదాకా ప్రతి సైనికుడినీ కత్తితో గెలిచినవాడికి ఇక్కడ కత్తి దించేయాలని తట్టడం ఎంత కష్టమో! కత్తి దించి నీడ వైపు వెళ్తే రెండూ ఒకటైపోతాయి. ఈ రహస్యం మన క్లాసులో మొదట చెప్పినవాడు పరీక్షల్లో ఫస్ట్ వచ్చినంత గౌరవం సంపాదించాడు, దానికి వాడు నిజంగా అర్హుడే.

కాసిల్‌వేనియా (1986) మాత్రం వేరే రకం. అందులో మన హీరో సైమన్ ఒకసారి దూకాడంటే గాల్లో దారి మార్చుకోలేడు, కాబట్టి దూకకముందే లెక్క వేసుకోవాలి. డెత్ అనే బాస్ కొడవళ్ళు తిప్పుతూ నాలుగువైపులా వదులుతాడు, వాటి వెంటపడి కొడుతూ కూర్చుంటే అయిపోతాం. విసిరితే మంట లేచే హోలీ వాటర్ అనే ఆయుధాన్ని చివరిదాకా పోగొట్టుకోకుండా తీసుకెళ్ళి వాడి మీద వరసగా వేస్తే మంటల్లో కదలకుండా ఉండిపోతాడు. అసలు పోరాటం ఆ గది ముందు కారిడార్‌లోనే, గొడ్డళ్ళు విసిరే కవచధారుల్ని, మెడూసా తలల్ని దాటుతూ హోలీ వాటర్‌ని కాపాడుకోవడంలో ఉంది. సోనిక్ 2 (1992) చివరి జోన్‌లో దెబ్బ తగిలినా ప్రాణం నిలిపే రింగ్ ఒక్కటి కూడా ఇవ్వరు, ముందు ఇనుప సోనిక్‌కి ఎనిమిది దెబ్బలు, వెంటనే పెద్ద రోబోకి పన్నెండు, మనకి ఒక్కటి తగిలినా మళ్ళీ మొదటినుంచి. ఇది కాస్త కఠినమే అంటాను, అయినా రోబో కదలికల వరస ఒకసారి బుర్రకెక్కితే భయం పోతుంది.

ఇక మెగా మ్యాన్ 2. 1988 గేమ్, ఎనిమిదిమంది బాస్‌లు, ఎవరితో మొదలెట్టాలో మన ఇష్టం, ఓడించిన బాస్ ఆయుధం మనదవుతుంది, అది ఇంకో బాస్ బలహీనత. దీని మీద మన వాదనలు బెల్ కొట్టినా ఆగేవి కావు. నా వరస ఇప్పటికీ మారలేదు, ముందు మామూలు తుపాకీతోనే మెటల్ మ్యాన్, ఎందుకంటే మెటల్ బ్లేడ్ ఎనిమిది దిక్కులా వెళ్తుంది, ఎనర్జీ కూడా పెద్దగా తినదు. దాంతో బబుల్ మ్యాన్, బబుల్ లెడ్‌తో హీట్ మ్యాన్, ఆ నిప్పుని పూర్తిగా చార్జ్ చేసి వుడ్ మ్యాన్, ఆకుల కవచంతో ఎయిర్ మ్యాన్, ఎయిర్ షూటర్‌తో క్రాష్ మ్యాన్. ఫ్లాష్ మ్యాన్‌కి మళ్ళీ మెటల్ బ్లేడ్ చాలు. క్విక్ మ్యాన్ దగ్గరే అసలు చిక్కు. ఫ్లాష్ మ్యాన్‌ని ఓడిస్తే వచ్చే, కాలాన్ని ఆపే టైమ్ స్టాపర్ క్విక్ మ్యాన్ లైఫ్‌ని సగం దాకా తినేస్తుంది, కానీ అదే ఆయుధం దారిలో వచ్చే లేజర్లని కూడా ఆపుతుంది, ఒకసారి మొదలెడితే ఎనర్జీ అయిపోయేదాకా ఆగదు. లేజర్లకా, బాస్‌కా? లేజర్ల దారిని బట్టీపట్టి టైమ్ స్టాపర్‌ని బాస్ కోసం దాచుకోవాలనేది నా మాట, మన మూడో బెంచీవాడు మాత్రం లేజర్లకి వాడేసి బాస్ మీద క్రాష్ బాంబులు వేసేవాడు, వాడి దారి కూడా బాగానే పనిచేసేది.

ఇదే గేమ్‌లో ఎనిమిదిమంది తర్వాత వచ్చే అసలు విలన్ వైలీ కోటలో గోడల వెనక తుపాకులుండే గది ఒకటి ఉంది, క్రాష్ బాంబులు ఫుల్‌గా ఉన్నా ఏడే, ఏ గోడ పేల్చాలో ఏది వదిలెయ్యాలో ముందే కాగితం మీద గీసుకోవాలి. ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకుని వెనక్కి వెళ్ళొచ్చు, తప్పేం లేదు, కానీ ఆ గదిని అలా దాటితే గీసుకోవాల్సిన అవసరమే రాదు. ఈ గేమ్ ఇంకా ముగించనివాళ్ళు మనలో ఉంటే స్టేజీ మొదట్లో మాత్రమే సేవ్ చేసి ఆడండి, ఆ గదికి మీరు వేసిన ప్లాన్ ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టండి, నాది కూడా పెడతా.